లష్కరు చుట్టూ గుట్టలు

సికింద్రాబాదు పరేడ్ గ్రౌండు నుంచి ఉత్తరంగా కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద, తిరుమలగిరి చేరకముందు వచ్చే కార్ఖానా ఈనాడు దుకాణాలూ ఆసుపత్రులూ అపార్టుమెంట్లతో కిక్కిరిసిన కంటోన్మెంటు పేటగానే చూసేవారికి కనిపిస్తుంది గాని, ఈ పేటకు నాలుగు వైపులా ఒకప్పుడు రాతిగుట్టలే ఉండేవన్న సంగతికి గుర్తులు ఇప్పటికీ పూర్తిగా చెరిగిపోలేదు. కార్ఖానా పరిసరాల్లోని ఒక నివాస కాలనీ నేటికీ గన్‌రాక్ పేరుతోనే ఉంది. తిరుమలగిరి పేరులోనే గిరి ఉంది. తూర్పున మౌలాలి గుట్ట, ఈశాన్యాన కౌకూరు, అమ్ముగూడ బండలు, ఇంకా దూరంగా కీసరగుట్ట నేటికీ నిలిచి ఉన్నాయి. వేసవి సెలవులు రాగానే అరకుకో, ఊటీకో, మున్నారుకో టికెట్లు తీసుకునే ఈ ప్రాంతపు కుటుంబాలు తమ ఇంటి చుట్టూ ఉన్నదీ కొండసీమేనని తలచుకోవడం అరుదు. ఈ గుట్టలు నీలగిరులంత ఎత్తైనవి కావు. మౌలాలి శిఖరం సముద్రమట్టానికి దాదాపు 614 మీటర్లు, అంటే చుట్టూ ఉన్న నగరపు నేల కంటే డెబ్బై ఎనభై మీటర్లు మాత్రమే ఎక్కువ. అయినా మనుషులు పనిగట్టుకుని ఎక్కడానికి వచ్చిన చరిత్ర విషయంలో ఇవి ఏ పేరొందిన వేసవి విడిదికీ తీసిపోవు సరికదా, కొన్నిటి కంటే శతాబ్దాలు ముందున్నాయి. ఆ చరిత్రను వరుసగా చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది: జనం ఏదో ఒక కారణంతో ఎక్కుతూ వచ్చిన గుట్టలు, లేదా ఎవరో ఒకరు కాపలా కాసిన గుట్టలు మిగిలాయి, ఎక్కేవారూ కాచేవారూ లేని గుట్టలు కంకరగా మారి కనుమరుగయ్యాయి.

ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో చాలా లోతున కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లబడి గ్రానైటుగా గట్టిపడింది. దానిపై ఉన్న పొరలు కోట్ల సంవత్సరాల కాలంలో కొట్టుకుపోగా, మీది బరువు తగ్గిన రాయి వ్యాకోచించి అడ్డంగానూ నిలువుగానూ పగుళ్ళు వేసింది. ఆ పగుళ్ళలోకి దిగిన వాననీరు గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మారుస్తుంది. పగుళ్ళు కలిసే మూలల దగ్గర నీరు రెండు మూడు వైపుల నుంచి పనిచేస్తుంది గనుక మూలలు ముందుగా అరిగిపోతాయి. పలకలుగా ఉండవలసిన రాయి గుండ్రంగా మారుతూ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. చుట్టూ చేరిన మొరం, అంటే రాయి చివికి ఏర్పడిన ఎర్రటి గరుకు మట్టి, వానలకు కొట్టుకుపోయినప్పుడు లోపలి గట్టి గుండ్లు ఒకదానిపై ఒకటి నిలిచిన స్థితిలో బయటపడతాయి. కనుక ఎవరో పేర్చినట్టు కనిపించే ఆ రాళ్ళను ఎవరూ పైకెత్తలేదు. అవి ఉన్నచోటే ఉండగా చుట్టూ ఉన్న నేలే దిగిపోయింది. తెలంగాణ పల్లెల్లో ఈ రూపాలకు వేర్వేరు పేర్లున్నాయి: విడిగా నిలిచిన గుండ్రటి రాయి గుండు, నేలబారుగా విశాలంగా పరుచుకున్నది పరుపుబండ, బండ మీద వాననీరు నిలిచే గుంట దొన, రెండు గుండ్ల మధ్య మనిషి దూరగలిగే సందు సొరికె. వేసవి ముదిరేదాకా నీరు నిలిచే దొనలూ, ఎండ సోకని సొరికెలూ ఉండటం వల్లనే పశువుల కాపరులూ పక్షులూ సరీసృపాలూ ఈ గుట్టలను ఆశ్రయించాయి, రాళ్ళ మధ్య సీతాఫలపు చెట్లు వాటంతట అవే పెరిగాయి.

ఈ రాళ్ళను మొదట ఆశ్రయించినవారి జాడ కార్ఖానాకు పడమటి దిక్కున, బోయినపల్లిని ఆనుకుని ఉన్న హస్మత్‌పేటలో కనిపిస్తుంది. చనిపోయినవారిని పాతిపెట్టి పైన రాళ్ళు కుప్పగా పోసి, చుట్టూ పెద్ద గుండ్లను వలయంగా అమర్చిన ఇనుపయుగపు సమాధులు అక్కడ ఉన్నాయి. వాటిని పురావస్తుశాఖ రక్షిత స్థలంగా గుర్తించింది. ఇటువంటి సమాధులను తెలంగాణలో జనం రాకాసిగుళ్ళని పిలుస్తారు. అంతటి రాళ్ళను కదిపినవారు మామూలు మనుషులై ఉండరన్న ఆశ్చర్యం ఆ పిలుపులో ఉంది. మౌలాలి గుట్ట పరిసరాల్లోనూ ఇదే కాలపు సమాధులు బయటపడ్డాయి. కీసరగుట్ట మీద విష్ణుకుండిన రాజుల కాలపు కోటగోడలూ ఇటుక కట్టడాలూ తవ్వకాల్లో వెలువడగా, అక్కడే ఒక గుండుపై రాళ్ళు తొలిచే పనివారిని సూచించే ‘తొలచువాండ్రు’ అన్న తెలుగు మాట చెక్కి ఉంది. తెలంగాణ నేల మీద దొరికిన అతి పాత తెలుగు అక్షరాల్లో ఒకటిగా, సుమారు 5వ శతాబ్దానిదిగా పండితులు దానిని పరిగణిస్తున్నారు. రాజు పేరు గాని, దానపు వివరం గాని లేకుండా రాతిపనివారి ప్రస్తావన ఒక్కటే గుట్ట మీద ఇంతకాలం నిలవడం ఈ ప్రాంతానికి ఎంతో తగినది. కీసరగుట్ట మీది రామలింగేశ్వరస్వామి ఆలయానికి మహాశివరాత్రి నాడు జంటనగరాల నుంచి తరలివెళ్ళే భక్తుల రద్దీ నేటికీ తగ్గలేదు.

అయితే ఈ కొండసీమలో యాత్రాస్థలంగా మౌలాలికి ఉన్న ప్రతిష్ఠ వేరు. గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో, యాకూత్ అనే ఆస్థాన సేవకుడు జబ్బుపడి ఉండగా ఆకుపచ్చని దుస్తులు ధరించిన ఒక వ్యక్తి కలలో కనిపించి తనను ఈ గుట్టపైకి తీసుకువెళ్ళాడనీ, అక్కడ హజ్రత్ అలీ ఒక రాతిపై చేయి ఆనించి కూర్చుని ఉన్నారనీ, మెలకువ వచ్చాక వెళ్ళి చూస్తే ఆ రాతిపై హస్తముద్ర కనిపించిందనీ సంప్రదాయ కథనం చెబుతుంది. ఆ ముద్ర ఉన్న రాతిని కమానులో నిలిపి చుట్టూ దర్గా కట్టించారు. ప్రవక్త మహమ్మదుకు అల్లుడైన అలీ సమాధి ఇరాక్‌లోని నజాఫ్‌లో ఉంది. ఇక్కడున్నది సమాధి కాదు, ఆయన స్మృతిచిహ్నం మాత్రమే. రజబ్ నెల 17వ తేదీన ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. అలీ జన్మదినమైన 13వ తేదీ నుంచే సందడి మొదలవుతుంది. షియాలైన కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన ఈ యాత్రను సున్నీలైన అసఫ్‌జాహీ నిజాములు ఆపలేదు సరికదా, మరింత వైభవంగా కొనసాగించారు. హిందువులు కూడా మొక్కులతో మెట్లెక్కడం ఇక్కడ మొదటి నుంచీ ఉన్నదే.

కింది కమాను దాటి దాదాపు ఐదువందల మెట్లు ఎక్కితే దర్గా ద్వారం వస్తుంది. మెట్లకు అటూ ఇటూ ఉన్నది ఒకే బండ; మెట్లు కొన్నిచోట్ల దాని మీద కట్టినట్టూ, కొన్నిచోట్ల దానిలోనే మలిచినట్టూ సాగుతాయి. పైకి చేరాక, లోపలి గోడలపై పొదిగిన వేలాది అద్దపు తునకల్లో దీపపు వెలుగు ముక్కలు ముక్కలుగా పడుతుంటే, బయట ప్రాకారం దగ్గర నిలబడినవారికి ఒక వైపు రైల్వే యార్డు, మరొక వైపు కంటోన్మెంటు చెట్ల పచ్చదనం, ఇంకొక వైపు అంతులేని మేడల వరుసలు కనిపిస్తాయి. నగరం ఎంత మేరకు పెరిగిందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఒక్కచోట నిలబడి తెలుసుకోవడానికి జంటనగరాల్లో ఇంతకంటే మంచి చోటు లేదు.

అసఫ్‌జాహీల కాలంలో ఉత్సవ దినాలు సమీపించగానే నిజాం పరివారం నగరం విడిచి ఇక్కడికి తరలివచ్చేది. గుట్ట చుట్టూ డేరాలు వెలిసేవి. ప్రభువులు తమకంటూ తోటలూ విడిది భవనాలూ కట్టుకున్నారు. నేటి మాటల్లో చెప్పాలంటే భక్తి, వినోదం, వాతావరణ మార్పు మూడూ కలిసిన విహారయాత్ర అది. ఆ యాత్రతో జీవితమంతా ముడిపడినవారిలో మహలకా బాయి చందా ప్రముఖురాలు. ఆమె తల్లి రాజ్ కున్వర్ గర్భవతిగా మౌలాలి యాత్రకు వచ్చినప్పుడు గర్భస్రావ ప్రమాదం ఏర్పడిందనీ, దర్గా మహిమతోనే ఆ ప్రమాదం తప్పి 1768లో చందా పుట్టిందనీ కుటుంబంలో నమ్మకం ఉండేది. నర్తకిగా, ఉర్దూ కవయిత్రిగా, రెండవ నిజాం అలీఖాన్ ఆస్థానంలో జాగీర్లు పొందిన గౌరవనీయురాలిగా ఎదిగిన ఆమె, 1792లో తల్లి సమాధిని ఈ గుట్ట పాదం వద్దనే తోట, బావి, మసీదు, ప్రాకారాలతో కట్టించి, 1824లో మరణించాక తానూ ఆ పక్కనే శాశ్వతంగా విశ్రమించింది. తన కవితల ప్రతిని ఆమె 1799లో బ్రిటిష్ అధికారి జాన్ మాల్కమ్‌కు బహూకరించగా, అది లండన్‌లో భద్రంగా ఉంది. ఆమె సమాధి మాత్రం చాలాకాలం ముళ్ళపొదల్లో పాడుబడి, 2010-11 ప్రాంతంలో అమెరికా రాయబారుల నిధి సహాయంతో మరమ్మతుకు నోచుకుంది. మౌలాలి మెట్లెక్కి దిగి, ఈ తోట చూడకుండానే వెనుదిరిగే యాత్రికులే నేటికీ ఎక్కువ; అది విచారించవలసిన విషయం.

మౌలాలి మైదానంలో 1868లో నిజాం ప్రభుత్వం గుర్రప్పందేలు ప్రారంభించింది. 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. పందేలు వెళ్ళిపోయాయి, దర్గా ఉండిపోయింది, దర్గాతోపాటు గుట్టా ఉండిపోయింది.

ఉత్తర గుట్టల కథ దీనికి భిన్నమైనది. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్న తర్వాత కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ శిబిరానికి అప్పటి నిజాం సికందర్‌జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. జనం దానిని లష్కర్ అన్నారు, అంటే సైన్యపు విడిది. బోనాల వేళ ‘లష్కర్ బోనాలు’ అనే పిలుపులో ఆ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. 1857 తిరుగుబాటు అనుభవంతో బ్రిటిష్ అధికారులు తిరుమలగిరిలో కందకమూ రాతి కట్టడమూ గల రక్షణ శిబిరాన్ని ఏర్పరచుకున్నారు. ఆంగ్ల దుర్గాన్ని పోలిన సైనిక కారాగారం, 1860 నాటి ఆల్ సెయింట్స్ చర్చి ఆ కాలానివే. ఇంకా ఉత్తరాన, కాస్త ఎత్తైన బొల్లారంలో 1860లో కట్టిన రెసిడెన్సీ భవనం స్వాతంత్ర్యానంతరం రాష్ట్రపతి నిలయంగా మారి, దాదాపు 90 ఎకరాల ఆవరణతో 2023 నుంచి సామాన్య సందర్శకులకూ తెరుచుకుంది.

సైన్యం ఈ నేలను ఎంచుకోవడంలో గుట్టలకు పాత్ర ఉంది. రాతినేల మీద వాననీరు నిలవదు గనుక శిబిరం పొడిగా ఉండేది. ఎత్తైన చోట కావలి సులభమయ్యేది. తుపాకీ గురి అభ్యసించే చాంద్‌మారీకి, అంటే లక్ష్యఫలకాలు నిలిపి కాల్పులు నేర్పే మైదానానికి, వెనుక గుట్ట ఉంటే గురి తప్పిన తూటాలు ఊళ్ళోకి పోకుండా రాయే ఆపేది. ఆ అవసరాల వల్లనే యాప్రాల్, కౌకూరు, అమ్ముగూడ వైపున ఎన్నో బండలు సైనిక కంచెల లోపలికి చేరాయి. కంచె బయటివారికి అడ్డమే. తరాల తరబడి అక్కడి పిల్లలు గుట్టలెక్కే స్వేచ్ఛను కోల్పోయారు. కాని అదే కంచె రాయికి రక్ష అయింది. ఈనాడు ఉపగ్రహ చిత్రంలో సికింద్రాబాదు ఉత్తర భాగాన్ని చూస్తే, కట్టడాల బూడిదరంగు మధ్య పచ్చగా మిగిలినవాటిలో అధికభాగం సైన్యం ఆధీనంలోని నేలలే.

కంచె గాని, గుడి గాని, దర్గా గాని లేని గుట్టల గతి గురించి చెప్పాలంటే రాయి కొట్టే పని గురించి చెప్పాలి. గ్రానైటును పగలగొట్టడం వడ్డెరల కులవృత్తి. బండపై కట్టెలు పేర్చి గంటల తరబడి మంట పెడితే, వేడికి పై పొర ఉబ్బి కింది రాయి నుంచి విడిపోతుంది. సమ్మెటతో కొట్టి ధ్వని వింటే ఎంతమేర విడిపోయిందో అనుభవజ్ఞుడైన పనివాడు చెప్పగలడు, ఎందుకంటే విడిన చోట రాయి బోలుగా మోగుతుంది. దళసరి గుండును చీల్చాలంటే దాని పొరవాటం, అంటే రాయి సహజంగా విచ్చుకునే దిశ, కనిపెట్టి, ఆ గీత వెంట ఉలితో వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగవేసి, ఒక్కొక్క చీలపై వంతులవారీగా సమ్మెట దెబ్బ వేస్తారు; చివరికి గుండు గీత గీసినట్టు రెండుగా విచ్చుకుంటుంది. గోల్కొండ ప్రాకారాల నుంచి లష్కరు బంగళాల పునాదుల దాకా ఈ చేతుల మీదుగానే లేచాయి. 1874లో సికింద్రాబాదు వాడి జంక్షనుతో రైలుమార్గం ద్వారా కలిసింది. 1889 నాటికి తూర్పున బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. పట్టాల కింద పరిచే కంకరకూ, రోడ్లకూ, వంతెనలకూ రాయి కావలసివచ్చింది. అయినా చేతితో కొట్టినన్నాళ్ళూ గుట్టలు అరిగాయే గాని పోలేదు. మందుగుండు, కంప్రెసరు, క్రషరు వచ్చిన తర్వాతనే గుట్ట మొత్తంగా మాయం కావడం మొదలైంది. ఈ నష్టాన్ని వడ్డెరల మీదికి నెట్టడం అన్యాయం. యంత్రం వారి గుట్టనూ తీసుకుంది, వారి పనినీ తీసుకుంది.

రాళ్ళను ఉంచుతూనే ఊరు కట్టవచ్చునని చూపినవారూ ఈ నగరంలోనే ఉన్నారు. మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు గుండ్లను తొలగించక వాటినే గోడలుగా, గదుల భాగాలుగా కలుపుకున్నాడు. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ పరిసరాల సౌందర్యానికి ముగ్ధుడయ్యాడు. ఆ తర్వాత అదే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ప్రాంతాల్లో ఇళ్ళ కోసం గుండ్లను పేల్చివేసిన వేగం చూసి కలత చెందిన కొందరు పౌరులు 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ను స్థాపించారు. నగర చరిత్రకారుడు, ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ దానికి నాయకత్వం వహించగా, జర్మనీలో పుట్టి హైదరాబాదును తన ఊరుగా చేసుకున్న ఫ్రాకే ఖాదర్ కార్యదర్శిగా ఏళ్ళ తరబడి దానిని నడిపారు. శిలల మధ్య సామూహిక నడకలు ఏర్పాటుచేసి జనాన్ని రాళ్ళ దగ్గరికి తీసుకుపోవడమే ఈ సంస్థ ఎంచుకున్న ముఖ్యమైన మార్గం. ఎక్కేవారున్న గుట్టే నిలుస్తుందని మౌలాలి నాలుగు శతాబ్దాలుగా చూపుతున్నదానిని వారు మతంతో పనిలేకుండా ఆచరణలో పెట్టారు.

వారి కృషి ఫలితంగా హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ వారసత్వ నిబంధనల్లో కట్టడాలతోపాటు 9 శిలారూపాలకూ చోటు దక్కింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు ఆకారపు శిల, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు వంటి శిల ఆ జాబితాలోనివే. సికింద్రాబాదు వైపు నుంచి మౌలాలి దగ్గరి ‘సెంటినెల్ రాక్’, అంటే కావలి శిల, ఒక్కటే అందులో చేరింది. మనిషి నిర్మించని ప్రకృతి రూపాన్ని వారసత్వంగా గుర్తించిన నగరాలు దేశంలో ఎన్నో లేవు గనుక అది గర్వించదగిన నిర్ణయం. కాని ఆ నిబంధననే 2015లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా, జాబితాలో పేరుండటం వేరు, చోటు మీద కాపలా ఉండటం వేరు అన్న సంగతి నగరం నలుమూలలా కనిపిస్తూనే ఉంది.

ఉపయోగమే రక్షణ అని చెప్పడానికి మరొక నిదర్శనం సికింద్రాబాదుకు తూర్పున, వరంగల్ రైలుదారిలో ఉన్న భువనగిరి. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఆ కోట దాదాపు 500 అడుగుల ఎత్తున్న ఏకశిల మీద ఉంది. సైనిక దుర్గంగా దాని పని ఏనాడో ముగిసినా, శిలారోహణ శిక్షణకు, అంటే తాళ్ళతోనూ చేతిపట్టుతోనూ నిలువు బండలెక్కడం నేర్పడానికి, అది కేంద్రమైంది. నిజామాబాదు జిల్లాలోని గిరిజన కుటుంబంలో పుట్టి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చింది ఆ బండ మీదనే. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఆమె ఎవరెస్టు శిఖరం చేరింది. కోట కోసం మిగిలిన బండ ఈ కాలపు పిల్లలకు బడి అయింది.

కార్ఖానావారికి ఇవేవీ దూరం కావు. వానలు వెనుకబట్టిన తర్వాత, ఆశ్వయుజం నుంచి మాఘం దాకా ఉదయం వేళల్లో మౌలాలి మెట్లూ, మహలకా బాయి తోటా, హస్మత్‌పేట సమాధులూ ఒక పూటలోనే చూడవచ్చు. కీసరగుట్టకూ భువనగిరికీ చెరొక రోజు చాలు. గుట్టలెక్కేవారు సీతాఫలపు కొమ్మలు విరవక, దొనల్లో ప్లాస్టిక్ వదలక, గుండ్ల మీద పేర్లు రాయక రావడం కనీస మర్యాద.

కంటోన్మెంటులోని పౌరనివాస ప్రాంతాలను నగరపాలక పరిధిలో కలిపే ప్రతిపాదన ఇటీవలి సంవత్సరాల్లో ముందుకు వచ్చింది. రోడ్లకూ మంచినీళ్ళకూ అది మేలు చేయవచ్చు. కాని ఏ నేల ఎవరి చేతిలోకి పోతుందో తేలే ఇటువంటి సమయంలోనే గుట్టలు పోతాయి. కాబట్టి విలీనం పూర్తికాకముందే తిరుమలగిరి, యాప్రాల్, కౌకూరు, అమ్ముగూడ, మౌలాలి పరిధిలో మిగిలిన ప్రతి గుట్టనూ కొలిచి, పటంలో హద్దులు గుర్తించి, వారసత్వ చట్టం కింద నమోదు చేయాలని కంటోన్మెంటు బోర్డునూ రాష్ట్ర ప్రభుత్వాన్నీ ఇక్కడి నివాస సంఘాలు రాతపూర్వకంగా కోరవలసిన అవసరం ఉంది.